అద్దం మెరిస్తే.. చేపపిల్లలకు పస్తే!

పొద్దున్నే లేచి చూస్తే అక్వేరియం నిండా బుల్లి బుల్లి చేపపిల్లలు. ఒక్కోటి బియ్యపు గింజంత. అద్దానికి అతుక్కుని ఉంటే ముచ్చటేసి ఫొటో తీస్తాం, స్టేటస్ పెడతాం. రెండు వారాలు పోయాక లెక్కపెడితే పదీ పన్నెండే మిగులుతాయి. నీళ్లు మార్చాం, మందేశాం, అద్దాలు తళతళా తుడిచాం. మరెందుకు పోయినట్టు?

చాలాసార్లు జవాబు ఒక్కటే.. ఆకలి! మనం తుడిచేసిన ఆ పాచే వాటి బువ్వ.

నాన్నే కాపలా

పాచి తినే బుల్లి క్యాట్‌ఫిష్‌లలో ఇంట్లో తేలిగ్గా పిల్లల్ని పెట్టేది బ్రిస్టల్‌నోజ్. సొంతూరు దక్షిణ అమెరికా. పెద్దదైనా నాలుగైదు అంగుళాలే. మగదానికి మూతి మీద మీసాల్లాంటి కొమ్మలు ఉంటాయి. దీనికన్నా చిన్నది ఓటోసింక్లస్, నాలుగు సెంటీమీటర్లే! కానీ అది ఇంట్లో గుడ్లు పెట్టడం అరుదు. కొత్తవాళ్లు బ్రిస్టల్‌నోజ్‌తో మొదలుపెట్టడమే మేలు.

ఆడది మట్టి గొట్టంలోనో, చిప్పలోనో నారింజ రంగు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఇక రెక్కలతో విసురుతూ కాపలా కాసేది నాన్నే. వారంలోపు పిల్లలు బయటికొస్తాయి. మొదట్లో పొట్టకింద పచ్చసొన సంచీ ఉంటుంది, అదే వాటి సద్దిమూట. అది కరిగేదాకా ఏమీ పెట్టొద్దు. కరిగాక మాత్రం ఒక్కరోజూ పస్తుంచొద్దు.

ఎండే మన పెట్టుబడి

నల్లగొండ, పాలమూరులో ఎండకు కొదవా? ఒక టబ్‌లో అక్వేరియం నుంచి తీసిన పాతనీళ్లు పోసి, గులకరాళ్లు, పెంకు ముక్కలు వేసి ఎండలో పెట్టండి. కొద్దిరోజుల్లో పచ్చటి పాచి పడుతుంది. రోజుకు రెండు రాళ్లు తొట్టిలో పెట్టి, నాకేసిన వాటిని మళ్లీ ఎండలోకి మార్చండి. టబ్‌కు దోమతెర గుడ్డ కట్టడం మరవొద్దు. లేకపోతే చేపలకన్నా ముందు దోమలు పెరుగుతాయి! మందు కొట్టిన పొలాల దగ్గరి రాళ్లు తేవొద్దు.

పాచి ఒక్కటే చాలదు. బీరకాయ, సొరకాయ, దోసకాయ ముక్కలో, పాలకూరో బాగా కడిగి, కాస్త మెత్తబడేలా ఉడికించి, స్టీల్ చెంచా కట్టి అడుగుకు దించండి. రాత్రిపూట ఇవి బాగా తింటాయి. పొద్దున మిగిలింది తీసేయాలి. కుళ్లితే అమ్మోనియా పెరిగి పిల్లలు పోతాయి. స్పైరులినా బిళ్లలు కూడా పెట్టొచ్చు.

తింటున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటే సరే. లోపలికి పీక్కుపోయిందంటే ఆకలితో ఉన్నట్టే.

ఏ నీళ్లు పోయాలి?

ఫ్లోరైడ్ భయంతో మన దగ్గర ఇంటింటికీ ఆర్‌వో క్యాన్ అలవాటే. కానీ ఖనిజాలన్నీ పోయిన ఆ నీళ్లే నింపితే పిల్లలకు మంచిది కాదు. బ్రిస్టల్‌నోజ్ కాస్త గట్టి నీళ్లనూ తట్టుకుంటుంది. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒకరోజు బకెట్లో తెరిచి ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. ఏ నీళ్లతో మొదలుపెడితే వాటితోనే సాగండి. ఒకేసారి మొత్తం మార్చకుండా, రెండ్రోజులకోసారి పదో వంతో, ఐదో వంతో మారిస్తే చాలు.

మామూలు ఫిల్టర్ అయితే పిల్లల్ని లాగేస్తుంది. స్పాంజ్ ఫిల్టరే పెట్టండి. 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు వీటికి హాయి. మే నెలలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. తొట్టిని కిటికీకి దూరంగా జరిపి, పైన చిన్న ఫ్యాన్ తిప్పండి. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ ఎయిర్ పంప్ ఉంటే నిశ్చింత.

ఎక్కువైతే చెరువులోకా? వద్దు!

రెండు మూడు నెలలకు పిల్లలు అంగుళం దాటుతాయి. అప్పుడు తోటి హాబీదారులకో, షాపుకో ఇవ్వండి. అంతేగానీ ఉదయసముద్రంలోనో, కోయిల్‌సాగర్‌లోనో వదలొద్దు. షాపుల్లో ‘సక్కర్’ పేరుతో అమ్మేదాంట్లో వీపు మీద తెరచాపలాంటి పెద్ద రెక్క ఉన్న జాతి ఒకటుంది. అది అడుగు దాటి పెరుగుతుంది. ఎవరో అలా వదిలేసినవే ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో ‘దెయ్యం చేప’లై మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. అది ఎక్కడెక్కడ వ్యాపించిందో నీళ్లలోని డీఎన్‌ఏతో పసిగట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారు చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంతుందో చూడండి.

అందుకే కొనేముందు వీపు మీద రెక్క చూడండి. ఇంటికి తెచ్చాక మాత్రం, ముందు అద్దం మాత్రమే తుడిచి, మిగతా మూడు వైపులా పాచిని వదిలేయండి. చూసేవాళ్లు ‘శుభ్రం చేయవా?’ అంటారు. అననివ్వండి. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయిగా!