శక్తి గల పిల్లలు, భయపడు పెద్దలు

కుంతి కథ మనకు క్రొత్త కాదు. దుర్వాసుడొసగిన మంత్రమును ఆ బాల కుతూహలము కొలది పరీక్షించినది; మంత్రము ఫలించినది. ఫలించినదానిని వెనుకకు మరల్చుట మాత్రము ఆమె చేతిలో లేకపోయినది. శక్తి యొకటి, దానిని భరింపగల వయస్సు వేరొకటి. ఈ రెంటికిని పొత్తు కుదరనప్పుడు ఏమగును? కెనడా రచయిత్రి కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ యువజనుల కొరకు వ్రాసిన మూడు నవలలలో ఈ ప్రశ్నయే మరల వినవచ్చుచున్నది.

'ది సమ్మనింగ్' 2008లోను, 'ది అవేకనింగ్' 2009లోను, 'ది రెకనింగ్' 2010లోను వెలువడినవి. ఈ మూటికిని కలిపి 'డార్కెస్ట్ పవర్స్' అని పేరు. ఇచ్చట మనము రెండవ నవలను గూర్చి ముఖ్యముగా ముచ్చటించుకొందము. దానికి ముందు, మొదటి కథ కొంత తెలియవలెను.

క్లోయీ సాండర్స్ పదునైదేండ్ల బాలిక. తల్లి లేదు. చలనచిత్ర దర్శకురాలు కావలెనని ఆమె కోరిక. ఒకనాడు పాఠశాలలో, ఎవ్వరికిని కనిపించని మనుష్యుడొకడు ఆమెకు కనిపించినాడు. ఆమె భయముతో కేకలు వేసినది. పెద్దలు దానిని మనోవ్యాధిగా నిర్ణయించి, లైల్ హౌస్ అను గృహమునకు పంపిరి. నిజమునకు ఆమె మృతులను చూడగలదు, పిలువగలదు. పిలుపు బలమైనచో ఆత్మయే గాక శవము సైతము లేచి రాగలదు. ఆ గృహమునందలి తక్కిన పిల్లలును ఏదో యొక వింత శక్తి గలవారే.

'అవేకనింగ్' అనగా మేలుకొనుట. ఈ నవల ఆరంభమున క్లోయీ ఎడిసన్ గ్రూపు అను శాస్త్రజ్ఞుల బృందము చేతిలో బందీ. అచ్చట ఆమె కన్నులు తెరచుకొన్నవి. ఇట్టి శక్తుల వలన కలుగు బాధలను తగ్గింపదలచి, ఆ శాస్త్రజ్ఞులు ఈ పిల్లల జన్యువులను మార్చియుండిరి. కొందరియందు ఫలితము విపరీతమైనది: బాధ తగ్గుటకు మారుగా శక్తియే పెరిగి అదుపు తప్పినది. ఇక బాగుపడరని తోచిన పిల్లలను ఆ బృందము తుదముట్టించుచున్నది. తలపెట్టిన పని మంచిదే. కాని తమ తప్పును ఒప్పుకొనుటకు మారుగా, ఆ తప్పునకు సాక్షులైన పిల్లలనే రూపుమాపజూచిరి. ఈ కథలో వెన్ను చలింపజేయునది ఇదియే గాని దయ్యములు కావు.

క్లోయీ తప్పించుకొని, టోరీ, సైమన్, డెరెక్ అను తోడి పిల్లలతో న్యూయార్క్ వైపు సాగును. దారిలో నిద్రించుచుండగా, తనకు తెలియకయే సమీపమునందలి శవమును కదలించును. తన నిద్రను తానే నమ్మలేని స్థితి ఎంత దారుణము! మరియొక రాత్రి డెరెక్ దేహము తోడేలుగా మారజొచ్చి, ఆ యాతన సగములో నిలిచిపోవును. ఆమె పారిపోదు, ప్రక్కన కూర్చుండి మాటలతో ధైర్యము చెప్పును. శాస్త్రజ్ఞులు తాళములతో సాధింపలేనిదానిని ఒక తోడు సాధించినది.

మూడు భాగముల కథలో నడిమి భాగము తరచుగా దారి నడకగానే మిగులును. ఈ నవలయందును పయనము ఎక్కువ, ముగింపు తక్కువ. కథ తేలవలెనన్న మూడవ పుస్తకము చదువక తప్పదు. అయినను ఆ నడకలోనే పిల్లలకు పరస్పర విశ్వాసము కుదురును. రచయిత్రి మనస్తత్త్వ శాస్త్రమున పట్టభద్రురాలు. భయపడిన బాల తన బుద్ధినే శంకించుకొను తీరును ఆమె చక్కగా చిత్రించినది.

ఇట్టి పుస్తకములు పిల్లలు చదువదగునా యని తల్లిదండ్రులు అడుగుదురు. చదివిన తరువాత పిల్లవాడు ఏమి అడుగునో వినుట మేలు. యౌవనము అడుగిడునప్పుడు ప్రతి బిడ్డకును తన కోపము, తన దేహము, తన కోరిక ఒక్కొక్కప్పుడు తనకే వెరపు పుట్టించును. అప్పుడు వానికి రెండు మార్గములు కనిపించును: దాచుకొనుట, లేక చెప్పుకొనుట. చెప్పుకొన్నచో తలుపు మూయుదుమా, ప్రక్కన కూర్చుందుమా యనునది పెద్దలమైన మన చేతిలోనిది.