నీరెండ చాలదు

హైదరాబాద్ అమీర్‌పేటలో ఎండకేం కరువు? మైత్రీవనం దగ్గర మధ్యాహ్నం పది నిమిషాలు నిలబడితే మాడు పగిలిపోతుంది. ఆ వెనక సందుల్లోనే, లిఫ్టు లేని మూడో అంతస్తులో, సెరిబ్రల్ పాల్సీతో నడవలేని పదేళ్ల పిల్లాణ్ని డాబా మీదికి చేర్చాలంటే తల్లి నడుమే ఆధారం. ఒకరోజు మోస్తుంది, రెండోరోజు మోస్తుంది. ఆ తర్వాత మంచాన్ని కిటికీ పక్కకు జరుపుతుంది. అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడీ వస్తుంది. విటమిన్ డి పుట్టించే కిరణాలు మాత్రం అద్దం దాటి రావు.

పొద్దున్నే నీరెండలో కూర్చోబెట్టమని చెప్పని పెద్దవాళ్లుండరు. మనసుకు హాయే గానీ విటమిన్ డికి నీరెండ చాలదు. తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం, చర్మంలో డిగా మారే పదార్థాన్ని గొట్టాల్లో పోసి ఎండలో పెట్టి చూసింది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే మార్పు బాగా జరిగింది. మే నెలలో ఆ వేళకు, దాహమని నోరు తెరిచి చెప్పలేని పిల్లాణ్ని డాబా మీద ఎవరు ఉంచుతారు?

దీనికి తోడు, ఇలాంటి పిల్లల్లో చాలామంది వాడే ఫిట్స్ మందులు. ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటివి కాలేయాన్ని తొందరపెట్టి, ఉన్న కాస్త డిని కూడా త్వరగా కరిగించేస్తాయి. అలాగని వాటిని మానకూడదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు మింగడమే కష్టం, తినేది తక్కువ. కాళ్ల మీద బరువు పడదు కాబట్టి ఎముక గట్టిపడదు. డైపర్ మారుస్తుంటే తొడ ఎముక విరిగిన పిల్లలున్నారు. ఏడుపు ఆకలికో, నొప్పికో తెలియదు. పైగా ‘ఏం చేశావమ్మా?’ అన్న ప్రశ్న తల్లికే.

పంజగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రి. నరాల వైద్యం తర్వాత వచ్చి చేరింది. ఒకే ప్రాంగణంలో ఆ రెండూ ఉన్నాయని తలచుకున్నప్పుడల్లా ఈ పిల్లలే గుర్తొస్తారు. ఏ ఊళ్లోనైనా ఫిట్స్‌కి వెళ్తే ఫిట్స్ చీటీయే రాస్తారు. ఎముక సంగతి అది విరిగాకే.

విటమిన్ డి మందు అరుదైనదేం కాదు, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. డితో పాటు కాల్షియం, కాసేపైనా ఊతంతో నిలబెట్టడం కూడా ఉండాలి. డి ఒక్కటే ఇస్తే విరగడం ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాకు భయం వేసేది సాచెట్‌ను చూస్తేనే. అందులో 60,000 యూనిట్లుంటాయి. పిల్లలకు రోజుకు 600 చాలని 2020లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. అంటే ఒక్క పొట్లం వంద రోజుల కోటా. లోపం ఉన్నవాళ్లకు కొన్ని వారాలపాటు వారానికొకటి రాస్తారు. దాన్ని రోజూ పాలల్లో కలిపితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం మొదలవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ పిల్లలకు వాంతులూ మలబద్ధకమూ మామూలే కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అందుకే వారానికొకటా, రోజుకొకటా, ఎన్ని వారాలు, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు అన్నది చీటీ మీద తెలుగులో రాయించుకున్నాకే కౌంటర్ దగ్గరికి వెళ్లాలి.