స్త్రీల సైకిలు ప్రయాణము: సీటు నొప్పి నివారణ

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ హైదరాబాదులో తార్నాక ప్రక్కనే యున్నది. అచటి రోడ్లపైనైనను, గ్రామపు బాటపైనైనను, చాలకాలమునకు మరల సైకిలెక్కిన స్త్రీ నొప్పి పుట్టి, సిగ్గుచే ఎవరికిని చెప్పక, సైకిలును మూలనుంచుట కలదు.

శరీరభారము పిరుదుల క్రింది రెండెముకలపై నిలువవలెను. ఈ యెముకల నడుమ ఎడము సాధారణముగా స్త్రీలకు హెచ్చు. కావున ఇరుకు సీటుపై భారము మెత్తని భాగములపై బడును.

సీటు వెడల్పుగాను, మట్టముగాను ఉండవలెను. మిక్కిలి ఎత్తైనచో నడుము ఊగి చర్మము ఒరయును. మొదటివారము దినము విడిచి దినము పదిహేను నిమిషములు చాలును. చెమట బట్టలు వెంటనే మార్చవలెను. పుండైనచో తొక్కుట మాని వైద్యునకు చూపవలెను.

పంచాయతీ సభ్యులు మహిళా సంఘములలో ఈ సంగతులు చెప్పించినచో, బడికిని, పనికిని పోవు స్త్రీలకు సైకిలు దూరము కాదు.