దిండు కింద బిస్కెట్లు

మైపాడులో మా పిన్ని వాళ్లు శిశుగృహ నుంచి ఐదేళ్ల పాపను దత్తత తెచ్చుకుని రెండేళ్లయింది. వచ్చినప్పుడు పుల్లలా ఉండేది. ఏడాది తిరిగేసరికి కొన్న గౌన్లేవీ పట్టలేదు. దిండు కింద బిస్కెట్లు, స్కూలు బ్యాగులో ఎండిన ఇడ్లీ ముక్కలు. సెలవులకెళ్లిన నేను తెలివి చూపించి, "డబ్బాలు పై అరలో పెట్టు పిన్నీ" అన్నా. వారంలోపే పాప స్టూలెక్కి పడింది. గడ్డానికి మూడు కుట్లు. పడినా చేతిలో ప్యాకెట్ వదల్లేదంట.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టా. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలు అరకడుపుతో ఉంచాడు. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. కొందరైతే వంటల పుస్తకాలు పోగేశారు! మళ్లీ కావలసినంత పెట్టాక కూడా, పొట్ట నిండినా ఆకలి తీరలేదన్నవాళ్లున్నారు. శిశుగృహకు చేరకముందు మా పాప ఎన్ని పూటలు పస్తుందో ఎవరికీ తెలియదు.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇంటిగ్రల్ వైండప్ తెలుసు కదా. వాల్వు పూర్తిగా తెరిచినా లక్ష్యం అందనంతసేపూ లోటు పోగవుతుంది. అందాక కూడా ఆ పాత బాకీ తీరేదాకా వాల్వు మూసుకోదు. నేను డబ్బా దాచి ఆ బాకీ పెంచా.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ పద్ధతి పిన్నికి నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి. ఎంత తినాలో పిల్లలే తేల్చుకోవాలి. ఇప్పుడు టైముకి అన్నం, సాయంత్రం ఉడకబెట్టిన శనక్కాయలు. చేపల పులుసు రెండోసారి అడిగినా మొహం చిట్లించరు. "ఏంది, ఇంతలావైంది!" అనే చుట్టాల నోరు మూయించడమే అన్నిటికన్నా కష్టమైంది. డాక్టరు కూడా ఎదిగే పిల్లకి డైటింగ్ వద్దన్నారు, ఎత్తూ బరువూ కలిపి చూద్దామన్నారు.

ఇంకోటి పిన్నే కనిపెట్టింది. బాబాయి వేటకెళ్లిన రాత్రుల్లోనే పాప ఎక్కువ తింటా ఉంది. అది ఆకలి కాదు, ఈయన కూడా తిరిగి రాడేమోనని భయం. అందుకని తెల్లారి పడవలొచ్చే వేళకి పాపను ఒడ్డుకి తీసుకుపోతా ఉంది.

బరువు పెద్దగా తగ్గలేదు. కానీ పడుకునేముందు "రేపు కూడా అన్నం ఉంటాదా?" అని అడగడం మానేసింది. దిండు కింద మాత్రం ఇంకా ఒక ప్యాకెట్ ఉంటుంది. పక్క దులిపాక పిన్ని దాన్ని మళ్లీ అక్కడే పెడుతుంది.