కోతబల్ల కూర్పునకు పూర్వము

గీసిన గీత తప్పక ఇనుపరేకులను కోయు సి.ఎన్.సి. బల్లలు నేడు పెద్ద కర్మాగారములకే పరిమితములై యుండుట లేదు. గేట్లు, గ్రిల్లులు, షట్టర్లు తయారుచేయు సామాన్యమైన షెడ్డులలోనికి సైతము అవి ప్రవేశించినవి. పట్టాలను, బాల్ స్క్రూలను, మోటార్లను విడివిడిగా తెప్పించుకొని, చట్రమును తామే వెల్డింగు చేసికొని, తమ చేతులతోనే కూర్చుకొనువారును కలరు. సామాను దిగిన వెంటనే స్పానరు పట్టవలెనను ఉత్సాహము వారికి సహజమే. కాని పెట్టె విప్పుటకును, తొలి బోల్టు బిగించుటకును నడుమ చేయవలసిన పని యొకటి కలదు: ప్రతి భాగమును విడిగా చేతబట్టి, కొలిచి, అందలి లోపమును అది ఒంటరిగా నున్నప్పుడే కనిపెట్టుట. కూర్పు ముగిసిన పిమ్మట లోపములన్నియు ఒకదానిలో నొకటి కలసిపోవును. వృత్తముగా కోయబోయిన రేకు అండాకారముగా తెగినప్పుడు, ఆ దోషము పట్టాదో, స్క్రూదో, చట్రముదో తేల్చుటకు యంత్రమునంతయు మరల విప్పవలసివచ్చును.

ఈ జాగ్రత్త యొక్క అవసరము యంత్రము నడచు తీరులోనే యున్నది. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలవారు, జాన్ పార్సన్స్ అను నాతని యోచనను పెంపొందించి, అంకెలతో నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు జూపినప్పుడు, కదలికను కొలిచి తిరిగి తెలుపు ఏర్పాటును కూడ అందు అమర్చియుండిరి. నేడు చౌకగా దొరకు కోతబల్లలలో పెక్కింటియందు ఆ ఏర్పాటు లేదు. సాధారణమైన స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అంచెలుగా తిరుగును. చుట్టుకు 5 మి.మీ. జరుపు స్క్రూను దానికి తగిలించినచో ఒక్కొక్క అంచెకు 0.025 మి.మీ. వంతున కదలిక కలుగవలెను. కంప్యూటరు 200 అంచెలకు ఆజ్ఞ యిచ్చి, రేకును కోయు టార్చి సరిగా 5 మి.మీ. జరిగినదనియే నమ్మును. స్క్రూ వంగియున్నను, నట్టు వదులైనను, పట్టా క్రింద ఇనుపరజను చిక్కుకొనియున్నను దానికి తెలియదు. ఖరీదైన సర్వో మోటారు సైతము తన ఇరుసు ఎంత తిరిగినదో యెరుగును గాని, బల్లకు ఆవలి కొసన మంట ఎచ్చట నున్నదో యెరుగదు. కంప్యూటరు చూడజాలనిదానిని కూర్చువాడే ముందుగా చూడవలసియున్నది.

చూచుటకు సాధనము కావలెను. ఆ సాధనమే వంకరయైనచో? ఈ సందేహమునకు లభించిన సమాధానమంత సుందరమైనది యంత్రశాస్త్రమున మరియొకటి లేదని నా యభిప్రాయము. ఇంగ్లండు దేశపు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో నగరమున చదివిన వ్యాసములో సమతలమును సాధించు మార్గమును వివరించెను. రెండు పలకలను మాత్రమే సరిపోల్చినచో, ఒకటి ఉబ్బెత్తుగను, రెండవది పల్లముగను ఉండి కూడ చక్కగా అతుకవచ్చును. మూడు పలకలలో ఏ రెండింటిని తీసికొన్నను, ఏ దిక్కునకు త్రిప్పి పెట్టినను అతికినప్పుడు మాత్రము మూడును చదునైనవే కావలెను. తనకంటె ఖచ్చితమైన సాధనము లోకమున లేకున్నను, సాధనమును తనతో తానే సరిచూచుకొనజేయు ఉపాయమిది. మన షెడ్డులోని ఉక్కుబద్దకును ఇట్టి పరీక్షయే కలదు. రంగు పూసిన రేకుపై బద్ద అంచు వెంట సూదిమొనతో సన్నని గీత గీసి, బద్దను బోర్లించి, అదే అంచును అదే గీతకు ఆవలివైపునుండి ఆనించి, కొసలు కలియునట్లు మరల గీయవలెను. రెండు గీతలు ఒకటైనచో బద్ద తిన్ననిది; నడుమ సందు కనబడినచో ఆ సందులో సగము బద్ద యొక్క వంపు. మూలమట్టమును బోర్లించి గీసినను, రసమట్టమును కొసలు మార్చి పెట్టినను ఇట్లే వాని దోషము రెట్టింపై కంటబడును.

పరీక్షలన్నింటిలో ఎక్కువ కాలము చట్రమునకును, పట్టాలకును ఇయ్యదగినది. కొత్త పట్టాను విప్పి బల్లపై నుంచి, కొంచెము వంపు కనబడగనే దుకాణదారునిపై ఆగ్రహించువారు కలరు. పొడవైన సన్నని పట్టా విడిగా నున్నప్పుడు స్వల్పముగా వంగియుండుట దోషము కాదు. చదునుగా మిల్లింగు చేసిన ఆధారతలముపై వరుసగా బోల్టులు బిగించినప్పుడు అది ఆ తలము యొక్క ఆకారమునే పొందును. భయపడవలసినదియు ఈ గుణమునకే. తలము వంకరయైనచో పట్టా ఆ వంకరను సైతము అంతే విధేయతతో స్వీకరించును. కావున పట్టాకంటె ముందు పట్టా కూర్చుండు చోటును శోధింపవలెను. వెల్డింగు చేసిన చోట లోహము చల్లారుచు ముడుచుకొని చట్రమును తనవైపునకు లాగును. అందుచేతనే శ్రద్ధగల కర్మాగారములలో ఉక్కు చట్రమును సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, మెల్లగా చల్లార్చి, ఆ తరువాతనే ఆధారతలములను మిల్లింగు చేయుదురు. చిన్న షెడ్డువారు ఉక్కుబద్దను తలముపై నిలువుగా నుంచి, వెనుక దీపము పెట్టి, వెలుతురు దూరు చోట ఫీలర్ గేజి రేకులను చొప్పించి సందును కొలువవచ్చును. మెలిక మాత్రము ఒక్క బద్దకు దొరకదు. చట్రము రెండు కొసలయందును ఒక్కొక్క బద్దను అడ్డముగా నుంచి, ఒక కన్ను మూసి, మొదటిదాని అంచు మీదుగా రెండవదానిని చూచినచో, అంచులు సమాంతరముగా లేకుండుట వెంటనే పట్టుబడును; కొయ్యను ఎంచుకొను వడ్రంగులకు ఈ చూపు చిరపరిచితము.

పట్టాపైని నూనెను శుభ్రముగా తుడిచి, గాడి వెంట గోరు నడిపినచో కంటికి కనబడని తుప్పుగుంటయు, రవాణాలో తగిలిన నొక్కును గోటికి తెలియును. దానిపై నడచు బ్లాకును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా జరుపుచు, గరుకుదనము ఎచ్చట తగులునో గమనింపవలెను. ఆ గరుకు పట్టాతో పాటు ఒకే చోట నిలిచినచో దోషము పట్టాది, బ్లాకుతో పాటు అంతటను నడచినచో బ్లాకుది. బ్లాకును ఊరక పట్టానుండి జార్చినచో లోపలి గుండ్లు నేలపాలగు ప్రమాదము కలదు గావున, వెంట వచ్చిన ప్లాస్టిక్ ముక్కపైకే దానిని దింపవలెను.

మూలలు సరిగా నున్నవా యనుటకు టేపు చాలును. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల చట్రమునకు కర్ణములు రెండును సుమారు 2,726 మి.మీ. ఉండవలెను. పొడవైన అంచు ఒకటి తన పొడవు వెంట 1 మి.మీ. జరిగినచో కర్ణముల నడుమ భేదము దాదాపు 1.8 మి.మీ. అగును, తప్పును పెంచి చూపు కొలత యగుటచే దీనిని నమ్మవచ్చును.

బాల్ స్క్రూను రెండు వి-బ్లాకులపై నుంచి, నడుమ డయల్ గేజి మొనను ఆనించి, చేతితో త్రిప్పినచో దాని వంపు ముల్లు కదలికగా కనబడును. ఇచ్చట ఒక వివేకము అవసరము. సి7 తరగతి స్క్రూ 300 మి.మీ. ప్రయాణమున సుమారు 0.05 మి.మీ. తప్పుటకు దాని ప్రమాణమే అనుమతించును. అది ఆ ధరకు దొరకు సరకు యొక్క స్వభావము గాని లోపము గాదు. స్క్రూకు బదులు పళ్ల ర్యాకులను, వానిపై దొర్లు పినియను చక్రమును వాడువారికి అసలు చిక్కు అతుకువద్ద నున్నది. ఒక్కొక్క ముక్క దోషరహితమైనను, రెండు ముక్కలు కలియు చోట పళ్ల దూరము మారినచో పినియను అచ్చట కుదుపును. అదే కొలత గల మూడవ ముక్కను తలక్రిందులుగా అతుకుపై నుంచి, దాని పళ్లు రెండు ముక్కల పళ్లలోను సమముగా కూర్చుండునట్లు సవరించి బిగించుట ఆ విద్యలో ఆరితేరినవారు పాటించు పద్ధతి. నిలువు పళ్ల ర్యాకునకు ఇది సులభముగా సాగును.

విద్యుత్సామగ్రిని గూర్చి చెప్పవలసినది కొద్ది. మోటారులోని రెండు చుట్టల నిరోధము మీటరుపై సమానముగా నుండవలెను. లిమిట్ స్విచ్చులు నొక్కినప్పుడెల్ల పలుకవలెను.

ఉష్ణమును మాత్రము మరువరాదు. ప్రపంచమంతటను యంత్రభాగముల కొలతలకు 20 డిగ్రీలు ప్రమాణముగా 1931 నుండి చెల్లుచున్నవి. విజయవాడ వేసవిలో రేకుల షెడ్డు అంతకు రెట్టింపు వేడెక్కును. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీకి సుమారు 0.012 మి.మీ., అల్యూమినియము 0.023 మి.మీ. పెరుగును, రెండున్నర మీటర్ల చట్రమునకు 20 డిగ్రీల భేదమున ఉక్కైనచో 0.6 మి.మీ., అల్యూమినియమైనచో 1.15 మి.మీ. తేడా వచ్చును. ఎండలో లారీనుండి దిగిన పట్టాను నీడలోని చట్రముతో వెంటనే సరిపోల్చుట వ్యర్థశ్రమ. రెండింటిని ఒకే కప్పు క్రింద ఒక రాత్రి యుంచి, ప్రాతఃకాలమున కొలుచుట మేలు.

దొరకిన లోపములన్నింటికి ఒకే మందు లేదు. రంధ్రముల అంచుల బర్రును సన్నని సానరాయితో తీసివేయవచ్చును; వంగిన అల్యూమినియపు పట్టెను చిన్న ముక్కలుగా కోసి ఇతర చోట్ల వాడవచ్చును; గుంటపడిన పట్టాను, గరుకైన బ్లాకును మాత్రము తిరిగి పంపవలసినదే. బోల్టుల నొక్కులు పడిన పట్టాను దుకాణదారుడు సాధారణముగా పుచ్చుకొనడు గావున, వాపసు గడువు దాటకముందే, బిగింపు గుర్తు ఏదియు పడకముందే, గేజి ముల్లు చూపిన అంకెను ఫోటోతో సహా జతచేసి పంపినవారికి వాదోపవాదములు తగ్గి, మారుసరకు త్వరగా చేతికందును.