అమ్మ తిన్న అన్నం, బిడ్డ గుండె

యాభై దాటాక షుగర్, బీపీ బయటపడితే "నోరు కట్టుకోలేదు" అని వెంటనే తీర్పు తీర్చేస్తాం. ఆయన కడుపులో ఉన్నప్పుడు వాళ్లమ్మ ఏం తిన్నదో మాత్రం ఎవరూ అడగరు.

ఇంగ్లాండులోని హెర్ట్‌ఫోర్డ్‌షైర్‌లో 1911 నుండి నర్సులు శిశువుల బరువును పుట్టినప్పుడు, మళ్లీ ఏడాదికి పుస్తకాల్లో రాసిపెట్టారు. దశాబ్దాల తర్వాత డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు ఆ పుస్తకాలను మరణ వివరాలతో సరిచూశాడు. తక్కువ బరువున్న మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. కడుపులో ఆహారం చాలని బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకు మళ్లించుకుంటుంది; క్లోమానికి, మూత్రపిండాలకు, కండరాలకు లోటు పడుతుంది. అది ముదిమిలో బయటపడుతుంది. అలాగని నడక మానమనీ, పొగ తాగమనీ కాదు.

అంతదూరం ఎందుకు? 1987-90లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ పౌష్టికాహారంగా ఉప్మా పెట్టారు. పక్క పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలను 13-18 ఏళ్ల వయసులో పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్లవారు 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. అది చిన్న సంగతే. వారి రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఉప్మాతో!

మన ఇళ్లలో కోడలు అందరి తర్వాత తింటుంది. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని గర్భిణికి ముద్ద తగ్గించేవారు ఇంకా ఉన్నారు. అంగన్‌వాడీ నుండి ఆమె పేరున వచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. స్త్రీల కూడికలో ఈ సంగతి కోడళ్లకు కాదు, అత్తలకు చెప్పాలి. పురుషుల కూడికలోనూ.