ఫ్రాన్సు దేశమునఁ బరదేశీయుల దినచర్యా లేఖనములు

ఒక దేశపు రాజులను గూర్చియు యుద్ధములను గూర్చియుఁ దెలిసికొనఁగోరువారికి ఆ దేశీయులు వ్రాసికొనిన చరిత్రలు చాలవఱకు సరిపోవును. కాని యా దేశమున సామాన్యుఁడు ప్రొద్దుట లేచి యేమి తినును, అంగడికిఁ బోయి మొదట నేమని పలుకును, పొరుగువాని నెట్లు సంబోధించును, ఏ యధికారి వాకిట నెంతసేపు నిలుచును అని యడిగినచో ఆ చరిత్రలు తఱచుగా మౌనము వహించును. ఇందులకుఁ గారణము స్పష్టము. ఎల్లవారు నెఱిఁగిన దానిని వ్రాయఁ బూనుకొనువారు లేరు. తెలుఁగువాఁడు తెలుఁగువానికిఁ గుడిచేతితో నన్నము తినుమని గ్రంథము వ్రాసి చెప్పఁడు. ఆ విషయము వ్రాయఁదగినదిగాఁ దోఁచువాఁడు పరదేశి యొక్కఁడే.

ఫ్రాన్సు దేశమునఁ గొంతకాలము కాపురముండి, అచ్చటి దినచర్యను స్వదేశమందలి తమవారి కెఱిఁగించిన పరదేశీయుల వ్రాఁతలను గూర్చి యీ వ్యాసమున విచారింపఁబడును. మూఁడు శతాబ్దములకుఁ బైఁబడి యిట్టి రచనలు పుట్టుచునే యున్నవి. నేఁటికిని ఆగలేదు. ఇవి సాహిత్యమున లెక్కకు రాని చిల్లర వ్రాఁతలా, లేక ప్రమాణముగా గ్రహింపఁదగిన యాధారములా యన్నది ప్రశ్న. ప్రమాణములే యైనచో, వానిని జదువవలసిన పద్ధతి యేది యన్నది దానికిఁ దరువాతి ప్రశ్న.

మొదట యాత్రాచరిత్రములకును వీనికిని గల భేదమును గ్రహింపవలెను. ఇవి యొకదాని కొకటి దగ్గఱి చుట్టములే గాని యొకటి కావు. ఆర్థరు యంగు అను ఆంగ్లేయ వ్యవసాయ పండితుఁడు 1787 మొదలుకొని ఫ్రాన్సున మూఁడు యాత్రలు సల్పి, 1792లో దానినెల్ల గ్రంథముగాఁ బ్రకటించెను. 1789 జూలై 12వ తేది నాతఁడు తన గుఱ్ఱమునకు శ్రమ తగ్గింపఁ గొండదారిని నడచుచుండఁగా నొక పేదరాలు తోడయ్యెను. వంగిన నడుమును, ముడుతలుపడిన ముఖమునుఁ జూచి యామెకు అఱువదియో డెబ్బదియో యేండ్లుండునని తలఁచెను. అడుగఁగా నిరువదియెనిమిది యని చెప్పెను. రెండు దినములకుఁ బారిసునందలి బాస్తీయు కోట ప్రజల వశమయ్యెను. విప్లవమునకుఁ గారణములు చెప్పుటలో ఈ ముఖమొకటి పెక్కు ప్రకరణములకు సాటి వచ్చును. అయినను సంభాషణము ముగియఁగానే యంగు తన దారిని దాను సాగిపోయెను. మఱునాఁ డామె గతి యేమయ్యెనో యాతఁ డెఱుఁగఁడు. బాటసారికి లేనిది యా మఱునాఁడే. కాపురమున్నవానికి అది కలదు. నిన్న వింతగాఁ జూచినది నేఁడు తాను చేయవలసి వచ్చును, చేయుటలోఁ దప్పును, ఆ తప్పువలన దాని మర్మము తెలియును.

ఇట్టి రచనలలో మిక్కిలి విపులమైనవి యొక జర్మను రాజపుత్రిక లేఖలు. హైడెల్‌బర్గు నగరమున 1652లో జనించిన యెలిసబెత్ షార్లొట్టె, పదునాలుగవ లూయీ రాజు తమ్మునకు భార్యయై 1671లో ఫ్రాన్సునకు వచ్చి, 1722లో మరణించువఱకు నా దేశముననే యుండెను. ఈ యేఁబదియేండ్లును ఆమె తన మేనత్త సోఫియాకును, ఇతర బంధువులకును జర్మను భాషలో లేఖలు వ్రాయుచునే యుండెను. అందు వేలకొలఁది నేఁటికిని నిలిచి యున్నవి. కాఫీగాని తేయాకుగాని చాకొలేటుగాని తనకు సహింపవనియు, పుట్టినింటి బీరుచారును పులియఁబెట్టిన క్యాబేజీయుఁ దలఁపునకు వచ్చుచున్నవనియు వ్రాసెను. 1695 చలికాలమున రాజుగారి భోజనపు బల్లమీఁదనే ద్రాక్షసారాయమును నీళ్లును పాత్రలలో గడ్డకట్టెనని తెలిపెను. వర్సేయి సౌధపుఁ బాలరాతిని బంగారుపూఁతను బొగడిన గ్రంథములు పెక్కులు. ఆ సౌధమునఁ జలికాలపు భోజన మెట్లుండెనో తెలుపుటకు ఈ యొక్క మాట చాలును.

ఆమె వ్రాఁతకు వెనుక నున్న దుఃఖ మల్పమైనది కాదు. ఆమె పేరిట వారసత్వపు హక్కు చెప్పి లూయీ రాజు సైన్యములు 1689లో ఆమె పుట్టిన దేశమును, హైడెల్‌బర్గు నగరమును దగులఁబెట్టినవి. ఆ వార్త విని యా రాజు సభలోనే నిలిచి యుండవలసిన దుర్గతి యామెకుఁ గలిగెను. తపాలాలో తన యుత్తరములను విప్పి చదువుచున్నారని యామె యెఱుఁగును. ఎఱిఁగియు మానక వ్రాసెను. పరభాషా మధ్యమున నేఁబదియేండ్లు గడపిన యామెకు ఆ లేఖలు వార్తాసాధనములు మాత్రమే కావు. మాతృభాషలో నొకరితో మాటలాడుట కామెకు మిగిలిన తావు అవియే. ఆస్థానమందలి వారిపై ఆమె కురిపించిన నిందలలోఁ గొంత పక్షపాతము కలదు. కాని భోజనము, చలి, వైద్యము, దుస్తులు మున్నగు విషయములలో ఆమె కల్లలాడుటకుఁ గారణమే లేదు.

రాజపుత్రిక విసుగుతో వ్రాయఁగా, ఒక మతగురువు జిజ్ఞాసతో వ్రాసెను. ఈజిప్టు పాలకుఁడగు ముహమ్మదు అలీ 1826లో నలువదిమందికిఁ బైఁబడిన విద్యార్థులను ఫ్రాన్సునకుఁ బంపెను. వారికి నమాజు నడుపుటకై నియుక్తుఁడై వెళ్లిన యువకుఁడు రిఫాఅ అల్ తహ్‌తావి. ఫ్రెంచి నేర్వవలసిన విధి యాతనికి లేకున్నను, వారందఱికంటె నెక్కువగా నేర్చినవాఁ డాతఁడే యని చెప్పవచ్చును. 1831లో మరలి వచ్చి, 1834లో కైరో సమీపమందలి బూలాకు ముద్రణాలయమునఁ దన పారిసు నివాసవృత్తాంతమును అరబ్బీలోఁ బ్రకటించెను.

మార్సేయి రేవున దిగఁగానే క్రొత్తవారిని గొన్నాళ్లు విడిగా నుంచు నాచారమును, నేలపైఁ గాక కుర్చీలమీఁదఁ గూర్చుండుటయు, బల్లమీఁద నెవరి పళ్లెము, ఎవరి గ్లాసు, ఎవరి కత్తి వారికే యుండుటయు, చేతితో ముట్టక తినుటయు నాతఁడు శ్రద్ధతో వర్ణించెను. వార్తాపత్రిక యననేమి, నాటకశాల యననేమి యని తనవారికి నేర్పెను. 1814 నాఁటి రాజ్యాంగపత్రమును అరబ్బీలోని కనువదించి చేర్చెను. 1830 జూలైలో పారిసు ప్రజలు పదవ చార్లెసు రాజును దొలఁగించిన విప్లవమును గన్నులారఁ జూచి వ్రాసెను. భోజనపు బల్లనుండి రాజ్యాంగమువఱకు నొకే పుస్తకమున నుండుట కొందఱికి వింతగాఁ దోఁచును. పరదేశికి రెండును నేర్వవలసిన పాఠములే కదా.

సరిగా నా దినములలోనే మన యేనుఁగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో మద్రాసునుండి బయలుదేఱి కాశీకిఁ బోవుచుండిరి. వారు తమ మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల కొఱకు వ్రాసిన దినచర్య 1838లో అచ్చయ్యెను. ఇరువురు నొకరి నొకరెఱుఁగరు. కాని యింట నున్నవానికిఁ దెలుపవలెనను నుద్దేశము పత్రమును బట్టించుటలో ఇరువురికిని సమానము. ఎదుట నొక చదువరి లేనిదే దినచర్యాలేఖనము పుట్టదు.

తహ్‌తావి గ్రంథమును వ్రాఁతప్రతిలోనే చదివిన ఫ్రెంచి పండితుఁడు సిల్వెస్త్ర్ ద సాసీ దానిని మెచ్చుకొనియు నొక లోపమును జూపెను. పారిసునందును పెద్ద నగరములందును జూచిన దానిని బట్టి ఫ్రెంచివారి నందఱిని నిర్ణయించుట తగదనెను. రెండువందల యేండ్లకుఁ దరువాతను ఈ జాతి రచనలపై మోపవలసిన మొదటి యాక్షేప మిదియే. ఇంటి కావలికత్తె యొకతె కసరినచో ‘ఫ్రెంచివారు కోపిష్ఠు’లని వ్రాయువారు నేఁటికిని గలరు.

ఇరువదవ శతాబ్దమున నీ రచన పత్రికలకెక్కెను. అమెరికా రచయిత్రి జానెట్ ఫ్లానర్ 1922లో పారిసునకు వచ్చి, 1925 మొదలుకొని ‘ది న్యూయార్కరు’ పత్రికకు పారిసు లేఖలు వ్రాసి, నడుమ యుద్ధకాలము దక్క, 1975వఱకు సాగించెను. తన యభిప్రాయములు గాక ఫ్రెంచివారి యభిప్రాయములే కావలెనని సంపాదకుఁ డామెకు విధించెను. ‘నేను’ అను మాటను విడిచి వ్రాయుట ఆమెకు నియమమయ్యెను. సాసీ చూపిన లోపమునకు ఇది యొక మందు. కాని మందుతోపాటు కొంత నష్టమును గలదు. తప్పుచేసి నేర్చుకొను కాపురస్థుని రూపము ఆ లేఖలలో మఱుఁగుపడెను.

ఆ రూపమును మరల ముందునకుఁ దెచ్చినది 1989లో వెలువడిన ఆంగ్లేయుఁడు పీటరు మేల్ గారి ‘ప్రొవాన్సులో ఒక సంవత్సరము’. మెనెర్బు గ్రామ సమీపమున నొక ప్రాఁత యిల్లు కొని, జనవరి మొదలు డిసెంబరువఱకు నెల కొక ప్రకరణముగా రచించెను. చెప్పిన దినమునకు రాని తాపీపనివారు, ఎముకలు కొఱుకు చలిగాలి, దీర్ఘమైన మధ్యాహ్నభోజనములు నందలి వస్తువు. హాస్యము చక్కనిది; తనను దాను నవ్వుకొనుటయుఁ గలదు. అయినను ఇరుగుపొరుగువారు పలుచోట్ల వినోదపాత్రలుగనే నిలిచిరి. గ్రంథము ప్రసిద్ధి కెక్కఁగా, చదివినవారు ఆ యిల్లు చూడ వచ్చుటకు మొదలుపెట్టిరి. తుదకు గ్రంథకర్తయే యా తాకిడికోర్వలేక కొన్నియేండ్లు అమెరికాలో నుండి వచ్చెను. పొరుగువానిని వ్రాయుటలో నొక ఋణము కలదనియు, అది యెప్పుడో తీర్పవలసి వచ్చుననియు నిందువలనఁ దెలియుచున్నది.

నేఁటి కాపురస్థులు వ్రాయు విషయములు కొన్ని మరల మరల వచ్చుచుండును. అంగడిలో నడుగిడఁగానే ‘బోంజూర్’ అని పలుకక సరకడిగినచో నది యమర్యాద. అంగడి యజమానుని యింటికి వచ్చిన యతిథివలె మెలఁగవలెనన్న భావ మందుఁ గలదు. రొట్టెకొట్టును గూర్చి వ్రాయనివారు లేరు. 1998 నాఁటి చట్టమువలన, పిండి పిసుకుట మొదలు కాల్చుటవఱకు అమ్మకపుఁ జోటనే చేయువాఁడు దక్క వేఱొకఁడు తన యంగడికి ‘బులాంజెరీ’ యని పేరు పెట్టుకొనరాదు. బాగెత్తు రొట్టె చేయు నేర్పును 2022లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలోఁ జేర్చెను. సెలవులు మఱొక విషయము. వేతనముతోఁ గూడిన సెలవు 1936లో రెండు వారములుగా మొదలై 1982లో అయిదు వారములయ్యెను. ఆగస్టులో వీథులు వీథులే మూఁతపడుటకు మూల మిందుఁ గలదు. ఇఁక నివాసపత్రముల గొడవ. ఇల్లు అద్దెకుఁ గొనఁబోయిన బ్యాంకు లెక్క యడుగుదురనియు, లెక్క తెఱవఁబోయిన నింటి నిదర్శన మడుగుదురనియు వారు మొఱపెట్టుచుందురు. పిచ్చి కుదిరినఁగాని పెండ్లి కాదు, పెండ్లియైనఁగాని పిచ్చి కుదురదు అను మన సామెత దీనికిఁ జక్కఁగాఁ దగును.

ఈ పట్టికలో నొకటి మనకు విశేషముగా నుపకరించును. ఫ్రెంచిలో ‘తు’ అనియు ‘వు’ అనియు సంబోధనలు రెండు. మన ‘నీవు’, ‘మీరు’ వంటివి. ఎవరిని ‘తు’ అనవచ్చును, ఎప్పుడు ‘వు’ విడువవచ్చును అని యాంగ్లేయులును అమెరికావారును పుటలకొలఁది వ్రాసి చింతింతురు. తెలుఁగువాఁడు దానిని మొదటినాఁడే గ్రహించి యూరకుండును. అత్తగారిని ‘నీవు’ అనరాదని యాతనికి వేఱొకరు నేర్పనక్కఱలేదు. కాఁబట్టి యా వింత ఫ్రాన్సులోనిది కాదు. ఆంగ్లభాషలో నేఁటి వ్యవహారమున నట్టి భేదము లేకపోవుటలోనిది.

దీనివలన మన ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. పరదేశి వ్రాఁత యొక దేశమును గాక రెండు దేశములను వర్ణించును. బీరుచారు కొఱకుఁ గలఁత చెందిన రాజపుత్రిక వర్సేయిని జూపుచు హైడెల్‌బర్గును జూపెను. కుర్చీలను వర్ణించిన తహ్‌తావి కైరో యింటి తివాచీని మన కెఱిఁగించెను. రాని తాపీపనివానిని గూర్చిన మేల్ హాస్యమున నాంగ్లేయుని గడియారము వినఁబడును. వస్తువులను, ధరలను, ఆచారములను గూర్చి వారు చెప్పినది ఫ్రాన్సునకుఁ బ్రమాణము. ఆశ్చర్యము, కోపము, నవ్వు అను వానిని వారి పుట్టినింటి లెక్కలో వ్రాసికొనవలెను. ఈ విభాగము చేయక చదువువాఁడు ఒక జాతినంతయు నపవాదముపాలు సేయును. విభాగించి చదువువానికి ఒక్క గ్రంథమున రెండు చరిత్రలు లభించును.

తహ్‌తావి మార్సేయిలో నొక కాఫీశాలలోనికి అడుగిడి, లోపల నొక గొప్ప వీథియు నందు జనసమూహమును గలవని భ్రమించెను. ఆ జనములో తన ప్రతిబింబమును గానఁగా, అవి నిలువుటద్దములని గ్రహించెను. ఈ రచనలను జదువువానికి నదియే మార్గము. గుంపులో వ్రాసినవాని ముఖమును గుర్తుపట్టిన పిదపనే గోడ యెచ్చటనున్నదో తెలియును.

తెలుఁగువారి కీ విచారము దూరపుది కాదు. గోదావరి తీరమందలి యానాము 1954వఱకు ఫ్రెంచి పాలనలో నుండెను. ఆ సంబంధమున ఫ్రాన్సునకుఁ బోయినవారును, తరువాత విద్యకును ఉద్యోగములకును బోయినవారును ఇంటికి వ్రాసిన యుత్తరములు కొన్ని పెట్టెలలో నుండి యుండవచ్చును. ‘ఇచటఁ బియ్యము దొరకినది, చింతపండు దొరకలేదు, చలికి నుదయస్నానము మానితిని’ అను రీతి పంక్తులు వానిలోఁ గన్నచో అల్పములని పాఱవేయరాదు. అవి ఫ్రాన్సు చరిత్రకు నొక పుట. తెలుఁగింటి చరిత్రకు మఱియొక పుట. కాగితము చెదలపాలు కాకమున్నే వానిని సేకరించి, తేదులతో సరిచూచి భద్రపఱచుట పరిశోధకులు పూనుకొనవలసిన కార్యము.